పురుగు లెక్క మారింది, ట్యాంకు మాత్రం మన వీపు మీదే ఉండాది

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి వచ్చిన మన పిల్లల సమావేశంలో నేను మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన వాళ్లు అడిగినారని రాసి పెడుతున్నా. మాట్లాడినట్టే ఉంచా. అంకెలు మాత్రం ఇంకోసారి చూసుకుని సరిచేశా.

అందరికీ జోహార్లు. సీతారామపురం నుంచి, వరికుంటపాడు నుంచి, మర్రిపాడు, అనంతసాగరం, చేజర్ల నుంచి కూలి పోగొట్టుకుని వచ్చిన అక్కలకి, అన్నలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి మరీ మరీ జోహార్లు.

నన్ను వాతావరణ మార్పు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినంగానే మనకి టీవీలో కరిగిపోయే మంచుకొండలు గుర్తొస్తాయి. మంచుకొండల సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది పురుగులు. డిగ్రీలో జంతుశాస్త్రం చదివినా, అంతకు ముందు ఇంటరు సెలవుల్లో మా నాయనతో చేలల్లో మందు కొట్టేదానికి పోయినా. అందుకని పురుగు గురించే మాట్లాడతా.

ముందు ఒక ప్రశ్న. ఈ ఏడు మీ కాలనీలో ఉసుళ్లు ఎప్పుడు లేచినాయి?

చూడండి, ఒక్కొక్కరు ఒక్కో నెల చెప్తున్నారు. మా అవ్వ ఉన్నప్పుడు ఇట్టా ఉండేది కాదు. మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం గాలి ఆగి ఉక్కపోస్తే, అవ్వ పుట్ట దగ్గరికి పోయి చెయ్యి పెట్టి చూసేది. ఈ రాత్రి లేస్తాయి, దీపం తీసుకురా అనేది. లేచేవి. దీపం కింద నీళ్ల చట్టి పెట్టి పట్టుకుని, రెక్కలు రాల్చి, వేయించుకుని బియ్యంతో కలిపి తినేవాళ్లం. చివరి మూడు నాలుగేళ్లు అవ్వ చెప్పిన రాత్రి లేవలేదు. చెప్పని రాత్రి లేచినాయి. అవ్వ తన లెక్క తప్పిందనుకుంది, ముసలిదాన్నయినా అంది. లెక్క తప్పింది అవ్వది కాదని నాకు కాలేజీకి పోయినాక తెలిసింది.

పురుగుకి క్యాలెండరు ఉండదు. వేడి, తేమ, వాన, ఇవే దానికి నెలలూ తిథులూ. మన ఒళ్లు ఎండాకాలమైనా చలికాలమైనా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. పురుగు ఒంట్లో వేడి బయట ఎంతుంటే ఇంచుమించు అంత. పొయ్యి మీద కుండ అనుకోండి. మంట పెంచితే అన్నం తొందరగా ఉడుకుతుంది. అట్టానే బయట వేడి పెరిగితే గుడ్డు తొందరగా పగులుతుంది, పురుగు తొందరగా తింటుంది, తొందరగా రెక్కలొస్తాయి, తొందరగా మళ్లీ గుడ్లు పెడుతుంది. మంట మరీ ఎక్కువైతే అన్నం మాడుతుంది, పురుగూ చస్తుంది, అది వేరే సంగతి. దానికి తర్వాత వస్తా.

చిన్న లెక్క చేద్దాం. ఒక పంట 150 రోజులు చేలో ఉంటుంది అనుకోండి. ఒక పురుగు గుడ్డు నుంచి గుడ్డుకి 30 రోజులు తీసుకుంటే 5 తరాలు. అదే వేడి పెరిగి 25 రోజులకి దిగితే 6 తరాలు. ఒక్క తరమే కదా ఎక్కువ అంటారు. తరానికి పది రెట్లు పెరిగే పురుగైతే, ఆ ఒక్క తరంతో చివర్లో ఉండేది పది రెట్లు. పంట కోతకొచ్చే వేళకి ఆ ఆరో తరం దిగుతుంది. రైతు నోటి కాడ కూడు పోయేది అక్కడే.

2018లో మక్కల్లోకి కత్తెర పురుగు వచ్చింది కదా, దాన్ని చూడండి. అది అమెరికా ఖండం పురుగు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది, 2018 మే నెలలో కర్ణాటక శివమొగ్గ వైపు కనిపించింది, అక్కడి నుంచి మన రాష్ట్రానికి, తెలంగాణకి రావడానికి నెలలే పట్టింది. దాని రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగలదు. వెచ్చగా ఉంటే నెల రోజుల్లో ఒక తరం ముగిస్తుంది. చలిలో అదే పనికి రెండు మూడు నెలలు పడుతుంది. మన దగ్గర దాన్ని నిదానం చేసే చలి ఏది? మా నాయన చిన్నప్పుడు ఉదయగిరి కొండ కింద సంక్రాంతి ముందు పొద్దున పది దాకా మంచు విడిచేది కాదంట. ఇప్పుడు ఆ చలి ఏ నాలుగు రోజులో.

కేంద్ర ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో ఇచ్చిన నివేదికలో 1901 నుంచి 2018 వరకు దేశంలో సగటు వేడి సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని ఉంది. ముక్కాలు డిగ్రీ కూడా లేదు, ఇంతమాత్రానికేనా అంటారు. మనకి తెలీదు. గుడ్డులో ఉన్న పురుగుకి తెలుస్తుంది.

ఇంకో సంగతి. హైదరాబాదు సంతోష్‌నగర్‌లో కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, క్రీడా అంటారు. వాళ్లు పైన తెరిచి ఉండే గదుల్లో ఆముదం మొక్కలు పెంచి, గాల్లో కార్బన్ డయాక్సైడు పెంచి చూశారు. ఆ ఆకుల్ని దాసరి పురుగుకి, పొగాకు లద్దె పురుగుకి పెట్టారు. ఆ గాలిలో పెరిగిన ఆకులో మాంసకృత్తుల సత్తువ తగ్గుతుంది. సత్తువ లేని ఆకు కదా, పురుగు అదే కడుపు నింపుకోడానికి ఎక్కువ ఆకు తింది. రేషను బియ్యంలో బలం లేకపోతే మనం ఇంకో ముద్ద తిన్నట్టే. అంటే పురుగులు ఎక్కువ కాకపోయినా, ఉన్న పురుగే ఎక్కువ తింటుంది.

ఇప్పుడు వాన. మనది ఈశాన్య రుతుపవనాల జిల్లా. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకి ప్రాణం. పెద్దోళ్లు ఒక మాట అంటారు, మబ్బు పడితే పురుగు పడుతుంది అని. నిజమే. మబ్బు పట్టి ముసురు వదలకపోతే కందిలో మారుకా పూతని గూళ్లు కట్టి తినేస్తుంది. అదే వాన దంచి కొడితే తామర పురుగు, పేనుబంక లాంటి చిన్న పురుగులు కొట్టుకుపోతాయి. వాన ఎగ్గొట్టి ఎండ కాస్తే మళ్లీ అవే విజృంభిస్తాయి, నిమ్మలో నల్లి పెరిగి కాయలకి మంగు పడుతుంది. ఒక్కో పురుగుకి ఒక్కో వాతావరణం. మన పెద్దోళ్లకి, రైతులకి ఈ వరస తెలుసు. ఆ వరసే ఇప్పుడు చెదిరిపోయింది. 2023 గుర్తుందా? ఆ ఏడు ఆగస్టు, 1901 నుంచి లెక్కలుంటే వాటన్నిటిలో దేశానికే అతి తక్కువ వాన పడిన ఆగస్టు. మెట్టలో వేసిన విత్తనం వేసినట్టే ఉంది. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందే మన జిల్లాని ముంచింది. ఎండు పురుగులకి నాలుగు నెలలు, తడి పురుగులకి నాలుగు రోజులు. ఒకే ఏడాదిలో రెండు రకాలకీ వంతు వచ్చింది.

ఇక మిరప. ఇది మన ఇళ్లల్లో జరిగింది కాబట్టి కొంచెం ఎక్కువ చెప్తా.

2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, అటు ఖమ్మం, వరంగల్లు దాకా మిరప పూత మాడిపోయింది. నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా దేశాల పురుగు. మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద దొరికింది. మనకి అలవాటైన తామర పురుగు ఆకు మీద ఉంటుంది, ఆకు పైకి ముడుచుకుంటే తెలుస్తుంది. ఇది పువ్వు లోపల దూరి కూర్చుంటుంది. పువ్వులో గీకి రసం పీలిస్తే పూత రాలిపోతుంది, కాయ పట్టదు. పైనుంచి ఎంత మందు కొట్టినా పువ్వు లోపలికి సరిగా పోదు. వారానికి రెండుసార్లు కొట్టినా పోలేదని రైతులు ఏడ్చినారు. కొట్టిన కొద్దీ దాన్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు, చిన్న నల్లులు చచ్చినాయి, అది మాత్రం మిగిలింది.

మా పిన్ని వాళ్లు ప్రతి ఏడూ సంక్రాంతి దాటినాక గుంటూరు వైపు మిరపకాయల కోతకి పోతారు. మా కాలనీ నుంచి ఒక ట్రాక్టరు నిండా పోతారు. మేస్త్రి అక్టోబరులోనే అడ్వాన్సు ఇస్తాడు. ఆ ఏడు కూడా ఇచ్చినాడు, పిన్ని ఆ డబ్బుతో కూతురి కాన్పు చేసింది. జనవరిలో మేస్త్రి ఫోను చేసి, చేలల్లో కాయ లేదు, రావొద్దు అన్నాడు. అంతే. రైతుకి నష్టం జరిగింది, నిజం, ఎకరాకి లక్షలు పెట్టి పోగొట్టుకున్నోళ్లు ఉన్నారు, కొందరు ఉరేసుకున్నారు కూడా, వాళ్ల కోసం పేపర్లో రాశారు, మంత్రులు వచ్చి చూశారు. రాయాల్సిందే, చూడాల్సిందే. కానీ కోతకి పోవాల్సిన ఆడోళ్ల సంగతి ఒక్క పేపర్లో రాలేదు. పిన్ని ఆ అడ్వాన్సు రెండేళ్లు తీర్చింది. చూడని చేలో, పట్టని కాయకి, కొయ్యని కూలికి అప్పు కట్టింది. పురుగు నష్టం అంటే క్వింటాళ్ల లెక్కే కాదబ్బయా.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. అన్నిటికీ వాతావరణ మార్పే కారణం అనేస్తే నేను ఒప్పుకోను. ఈ మధ్య ఏది జరిగినా ఆఫీసర్లు ఆ మాట అనేసి చేతులు దులుపుకుంటున్నారు. నల్ల తామర పురుగు తనంతట తాను సముద్రం ఈదుకుంటూ రాలేదు. మొక్కలు, పూలు, సరుకు తిరిగే దారిలో వచ్చింది. ఊరంతా ఒకే పంట, అదీ ఒకే రోజుల్లో వేస్తే పురుగుకి విస్తరేసి పిలిచినట్టే. మన పక్క ప్రకాశం జిల్లాలో, గుంటూరులో 1987-88లో పత్తి రైతులు పురుగుమందు తాగి చచ్చినారు. అప్పుడు ఎవరూ వాతావరణ మార్పు అనలేదు. అంతకు ముందు రెండు మూడేళ్లు తెల్లదోమ, ఆ తర్వాత శనగపచ్చ పురుగు. మందు మీద మందు కొట్టి పురుగుని గట్టిపరిచి, మిత్ర పురుగుల్ని చంపుకున్నారు. అప్పులు తీర్చలేక అదే మందు తాగినారు. ఇప్పుడు ఆ పాత రోగం మీదికి ఈ కొత్త వేడి వచ్చింది. మంట ఎప్పుడో అంటుకుంది, ఇది గాలి.

ఇందాక మంట ఎక్కువైతే అన్నం మాడుతుంది అన్నా కదా. 2018లో సైన్స్ అనే పత్రికలో అమెరికా శాస్త్రవేత్తల లెక్క ఒకటి వచ్చింది. భూమి వేడి ఒక డిగ్రీ పెరిగితే వరి, మక్క, గోధుమ పంటల్లో పురుగుల వల్ల పోయేది ఇప్పటి కంటే 10 నుంచి 25 శాతం పెరుగుతుందని. కానీ ఆ నష్టం ఎక్కువగా చల్లటి దేశాల్లో. మన లాంటి వేడి ప్రాంతాల్లో పురుగు ఇప్పటికే దానికి తగిన వేడిలోనే ఉంది, ఇంకా పెరిగితే కొన్నిటికి అదీ తట్టుకోలేని వేడి అవుతుంది, వరిలో అందుకే ఆ నష్టం ఒక దగ్గర ఆగుతుందని వాళ్లే రాశారు. ఈ ముక్క చదివి నేను సంతోషపడ్డా, మన వేడే మనల్ని కాపాడుతుంది కాబోలు అని. తర్వాత ఆలోచిస్తే, పురుగుకే తట్టుకోలేని వేడి వచ్చిన చేలో నిలబడి మందు కొట్టేది ఎవరు?

మనమే. ఈ మాట చెప్పేదానికే నేను ఇంత దూరం తిప్పి తెచ్చా.

ఉదయగిరి వైపు మెట్ట, ఆత్మకూరు వైపు సోమశిల నీళ్లు అందిన చోట వరి, మధ్యలో పొగాకు, నిమ్మ, మినుము, మిరప. పంట ఏదైనా ట్యాంకు ఎత్తేది మన కాలనీ వాడే. ఎకరాకి 200 లీటర్ల మందునీళ్లు అంటారు. 16 లీటర్ల ట్యాంకు లెక్కన పన్నెండు పదమూడు సార్లు నింపాలి, ఎత్తాలి, మోయాలి. వేడి వల్ల ఒక పురుగు ఒక తరం ఎక్కువ తీస్తే రైతు రెండుసార్లు ఎక్కువ కొట్టిస్తాడు. అంటే ఎకరాకి ఇంకో పాతిక ట్యాంకులు. శాస్త్రవేత్తల కాగితం మీద అది గీత పైకి పోవడం, మన వీపు మీద అది 16 కిలోలు.

ఎండలో చెమట పడితే చర్మం తడిసి మెత్తబడుతుంది, మందు తొందరగా లోపలికి దిగుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే ఊపిరాడదు, చేతికి తొడుగేసుకుంటే లోపల ఉడికిపోతుంది, అందుకని తీసేస్తాం. తీసెయ్యడం మన తెలివితక్కువతనం అని వ్యవసాయ శాఖ సార్లు మీటింగుల్లో చెప్తారు. 42 డిగ్రీల్లో ఆ ప్లాస్టిక్ కోటు వేసుకుని ఒక్క ట్యాంకు కొట్టి చూపించమనండి సారూ.

మా మామ సంగతి చెప్తా. ఏప్రిల్ నెల, నిమ్మతోట, పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టినాడు, మధ్యాహ్నానికి ముగిద్దామని. ఒంటిగంటకి తల తిరుగుతుంది అన్నాడు. వాంతి. నోట్లో నుంచి సొంగ. ఎండదెబ్బ అనుకుని నీళ్లు పోసి, చెట్టు కింద పడుకోబెట్టి, మజ్జిగ తాగించబోయినారు. ఆసుపత్రికి తీసుకుపోయినప్పుడు కూడా ఎండదెబ్బ అనే చెప్పినారు, వాళ్లూ ఎండదెబ్బ అనే సెలైన్ పెట్టినారు. ఏ మందు కొట్టాడో చెప్పేవాడు లేడు. డబ్బా చేలోనే ఉంది, రైతు ఊళ్లో లేడు. సాయంత్రానికి ఒక నర్సమ్మ కంటి మీద టార్చి వేసి చూసి, పాప గుండుసూది మొన అంత ఉండాది, ఇది మందు అని అరిచింది. అప్పుడు విరుగుడు ఇచ్చినారు. మామ బతికినాడు. ఆరు నెలలు చేతులు వణికినాయి. ఇప్పుడు మేకలు కాస్తాడు. ఆ నర్సమ్మ పేరు కూడా మాకు తెలీదు.

అందుకని ఇది రాసుకోండి, ఫోన్లో పెట్టుకోండి. ఎండదెబ్బలో ఒళ్లు కాలిపోతుంది. ఆర్గానోఫాస్ఫేటు అనే రకం మందు ఎక్కితే సొంగ, ముక్కు నుంచి నీరు, విపరీతమైన చెమట, కడుపులో నొప్పి, కండలు అదరడం, కంటిపాప చిన్నదైపోవడం ఉంటాయి. రెండూ ఒకేసారి కూడా ఉండొచ్చు. మనిషిని చేలో నుంచి బయటికి తెచ్చి, బట్టలు తీసి, సబ్బుతో కడగాలి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు. 108కి ఫోను చెయ్యండి. మందు డబ్బా, లేకపోతే దాని మీది కాగితం, ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తేనే ఏ విరుగుడో తెలుస్తుంది. డబ్బా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. చదువు రాని వాళ్లకి రంగు చాలు.

2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో ఏం జరిగిందో తెలుసు కదా. పత్తి మనిషెత్తు పెరిగింది, పురుగు ఎక్కువైంది, మందులు కలిపి కలిపి కొట్టించినారు. జులై నుంచి అక్టోబరు లోపల 20 మందికి పైగా చచ్చిపోయినారు, వందల మంది ఆసుపత్రి పాలైనారు. వాళ్లల్లో చాలామంది భూమి లేని కూలోళ్లు. వేరే రాష్ట్రం కదా అనుకోవద్దు. ట్యాంకు ఒకటే, ఎండ ఒకటే.

చట్టం ఉంది. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది, దాని నిబంధనలు 1971లో. మందు చల్లే మనిషికి రక్షణ బట్టలు ఇవ్వాలని అందులో రాసి ఉంది. యాభై ఏళ్లు దాటింది. ఈ గదిలో ఎవరికైనా ఒక్క రైతు, ఒక్క షాపు వాడు తొడుగులు ఇచ్చినాడా? చెయ్యి ఎత్తండి.

సరే, దించండి. ఎత్తినోళ్లు లేరులే.

అయితే మందు కొట్టకపోతే పంట ఎట్టా దక్కుతుంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కూలి మనకి కావాలి, పంట పండితేనే కూలి.

ఇండోనేషియాలో 1985-86లో వరికి సుడిదోమ పట్టి పంటలు ఎండిపోయినాయి. ప్రభుత్వమే సబ్సిడీ మీద మందులు ఇచ్చి కొట్టించేది. కొట్టిన కొద్దీ దోమ పెరిగింది, ఎందుకంటే దోమని తినే సాలీళ్లు ముందు చచ్చినాయి. 1986 నవంబరులో వాళ్ల అధ్యక్షుడు వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించినాడు. తర్వాత సబ్సిడీ కూడా ఎత్తేశారు. రైతుల్ని చేలోకి తీసుకుపోయి ఏది శత్రు పురుగో, ఏది మిత్ర పురుగో లెక్కపెట్టడం నేర్పినారు. పంట తగ్గలేదు. అదే పద్ధతి మన దగ్గరికి పొలంబడి అనే పేరుతో వచ్చింది. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు పత్తి మందులతో అప్పులపాలై, చావులు చూసి, వేపగింజల కషాయాలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో మందు మానేసింది. మా ఊరు మందు వాడదు అని 2004లో పంచాయతీ తీర్మానం చేసింది. కాబట్టి కుదరదు అనేది అబద్ధం.

కానీ నాకు ఒక అనుమానం ఉంది, దాచుకోను. కషాయం ఊరికే రాదు. వేపగింజలు ఏరాలి, ఎండబెట్టాలి, పప్పు తీసి దంచాలి, 5 కిలోల పొడి నానబెట్టి వడగట్టి 100 లీటర్లకి కలపాలి. ఆ ఏరేది, దంచేది మన ఆడోళ్లే. ప్రకృతి సేద్యం మీటింగులో రైతుకి శాలువా కప్పుతారు. గింజలేరిన అక్కకి కిలోకి ఎంత ఇచ్చారని ఎవరూ అడగరు. ఇంకోటి, 2021 చివర్లో తెలంగాణలోనూ మన రాష్ట్రంలో చాలా చోట్లా వేపచెట్లు కొనల నుంచి ఎండిపోతూ వచ్చినాయి, గుర్తుందా? బూజు రోగం, దానికి తోడు రసం పీల్చే పురుగు. మందుచెట్టుకే రోగం వచ్చింది. తర్వాత చాలా చెట్లు చిగిర్చినాయి, కానీ అన్నీ వేప మీదే పెట్టుకుంటే ఎట్టా అని నాకు అప్పుడే అనిపించింది.

పోనీ పురుగులతో, ఎలుకలతో మనకి కొత్త సంబంధమా? వరి చేలల్లో ఎలుకల బొక్కలకి కుండతో పొగ పెట్టి పట్టింది మన తాతలు. ఒక చుక్క విషం లేకుండా చేను కాపాడినారు, బొక్కలో దాచిన వడ్లు తెచ్చుకుని తిన్నారు. ఎలుకలు తినే యానాదులు అని పుస్తకాల్లో రాసినారు. సస్యరక్షణ చేసినోళ్లు అని ఎవరూ రాయలా.

నష్టం లెక్కల సంగతి కూడా చెప్పి ముగిస్తా. ఫసల్ బీమాలో పురుగు నష్టం కూడా ఉంది. అయితే నీ చేను చూసి ఇవ్వరు, ఊరు మొత్తం మీద పంటకోత ప్రయోగాలు చేసి దిగుబడి తగ్గిందని తేలితే ఇస్తారు. దానికి ఈ-క్రాప్‌లో పేరు ఉండాలి. కౌలుకి చేసే మనోళ్లకి కౌలు కార్డు ఉండాలి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, 11 నెలల ఒప్పందం అని, కానీ భూమి యజమాని సంతకం పెట్టాలి. పెట్టరు. సంతకం పెడితే భూమి లాగేసుకుంటామని వాళ్లకి భయం. ఎకరం పట్టా కూడా లేనోళ్లం, మన సంతకం చూస్తే మనకే భయం, మనల్ని చూసి వాళ్లకి భయం! ఇక కూలికి పోయేవాళ్లకి కార్డు లేదు, ఈ-క్రాప్ లేదు, బీమా లేదు. మా పిన్ని అడ్వాన్సు ఏ కాలంలో రాస్తారు? మా మామ చేతుల వణుకు ఏ కాలంలో రాస్తారు?

ఆ కాలం మనమే గీద్దాం. నేను పది నోటుపుస్తకాలు తెచ్చా, కాలనీకి ఒకటి. రెండు వైపులా రాయాలి. ఎడమ పేజీలో పురుగు: ఏ తేదీన ఉసుళ్లు లేచినాయి, మొదటి పెద్ద వాన ఎప్పుడు, ఏ పంటలో ఏ పురుగు మొదట కనిపించింది, అక్షింతల పురుగులు ఉన్నాయా లేవా. పేరు తెలీకపోతే ఫోటో తీసి పెట్టండి, రైతు సేవా కేంద్రంలో అడుగుదాం. పెద్దోళ్లని పక్కన కూర్చోబెట్టుకుని రాయండి, వాళ్లు చెప్పేది సైన్సు కాదు అనుకోవద్దు. కుడి పేజీలో మనిషి: ఆ రోజు ఎవరు మందు కొట్టినారు, ఎన్ని ట్యాంకులు, ఏ రంగు త్రికోణం, ఏ టైములో, ఎవరికి తల తిరిగింది, ఎవరికి కూలి పోయింది. ఒక ఏడు రాసినాక రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి కలెక్టరు దగ్గరికి పోదాం. అప్పుడు మాట్లాడేది నేను కాదు, పుస్తకం మాట్లాడుతుంది.

రెండోది, ఈ రోజు నుంచే. పొద్దున పది దాటినాక, సాయంత్రం నాలుగు లోపల ట్యాంకు ఎత్తం అని అన్ని కాలనీలూ ఒకే మాట మీద ఉండాలి. ఒక కాలనీ ఒప్పుకుని ఇంకో కాలనీ ఒప్పుకోకపోతే రైతు ఆటో పంపించి వాళ్లని తెచ్చుకుంటాడు, అది మీకు నేను చెప్పక్కర్లేదు. రైతులతో కూడా తగాదా పెట్టుకోవాల్సిన పని లేదు. వాళ్లల్లో సగంమంది కౌలోళ్లే, వాళ్ల పిల్లలూ ఆ చేలోనే తిరుగుతారు. ఎండలో కొట్టిన మందు సగం గాలికి పోతుంది, చల్లటి పూట కొడితే మీకే లాభం అని చెప్పండి, వింటారు.

పుస్తకాలు వెనక బల్ల మీద ఉండాయి. దుత్తలూరు వాళ్లు, కలిగిరి వాళ్లు ఇంకా తీసుకోలేదు. బస్సు టైమైందని వెళ్లిపోవద్దు, తీసుకుని మొదటి పేజీలో కాలనీ పేరు రాసి పోండి. పెన్నులు మాత్రం మీవే.